అనంతపురం ముగ్గు – రేఖాగణిత నైరూప్య కళ: విమర్శ పరిభాషపై ఒక పరిశీలన

ప్రవేశిక

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం యూరప్ చిత్రకళా చరిత్రలో రేఖాగణిత నైరూప్యానికి స్వర్ణయుగంగా పేరుపొందింది. మనిషినో చెట్టునో అనుకరించకుండా గీత, చతురస్రం, వృత్తం, వర్ణం అనే వాటితోనే చిత్రం నిలబడగలదని ఆ తరం నిరూపించింది. ఆ తరంలో అగ్రగణ్యులైన స్త్రీలలో స్విట్జర్లాండుకు చెందిన సోఫీ టాయిబర్-ఆర్ప్ (1889–1943) ఒకరు. ఆమె చిత్రాలకు తేదీలున్నాయి, పేర్లున్నాయి, ప్రదర్శనల జాబితాలున్నాయి. అదే కాలంలో మద్రాసు రాజధానిలోని అనంతపురం జిల్లాలో, తెలుగు దేశమంతటా వలెనే, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి స్త్రీలు వేసిన ముగ్గులకు అవేవీ లేవు. మొదటిది కళాచరిత్రకు చెందింది, రెండవది ఆచారంగా జానపద విజ్ఞానానికి చెందింది.

ఈ విభజన ఎంతవరకు సమంజసమన్నది ప్రశ్న. ముగ్గును ‘ఇదీ నైరూప్య కళే’ అని ప్రకటించినంత మాత్రాన ప్రశ్న తీరదు. అది పొగడ్త అవుతుందే తప్ప విమర్శ కాదు. ముగ్గులో రచయిత్రి నిర్ణయాలు ఎక్కడ కనిపిస్తాయి? వాటిని గుర్తించి మాట్లాడడానికి తెలుగులో పరిభాష ఉందా? ఉందని, అది ముగ్గు వేసేవారి నోటనే ఉందని, విమర్శ దానిని స్వీకరించకపోవడం వల్లనే ముగ్గు కర్తృత్వం లేని కళగా మిగిలిందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. మూడు సందర్భాలు: 1919, 1922, 1937

స్త్రీలు నేలపై వేసే చిత్రాలు విద్వాంసుల దృష్టికి రావడం కూడా ఆ రెండు దశాబ్దాలలోనే గట్టిగా మొదలైంది. అవనీంద్రనాథ్ ఠాకూర్ 1919లో వెలువరించిన ‘బాంగ్లార్ బ్రత’ గ్రంథంలో వ్రతాలతో పాటు ఆలిపనను పరిశీలించారు. ఆయన స్వయంగా చిత్రకారుడు కనుక ఆలిపనను కేవలం తంతుగా చూడలేదు. కోరిక రూపం ధరించే కళగా చూశారు.

1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వార్షిక ప్రదర్శనలో జర్మనీలోని బౌహౌస్ కళాకారుల రచనలు ప్రదర్శితమయ్యాయి. కాండిన్‌స్కీ, పాల్ క్లే వంటివారి చిత్రాలు భారతీయ ప్రేక్షకులకు ప్రత్యక్షంగా అందిన సందర్భమది. ఆ ప్రదర్శన ఏర్పాటులో స్టెల్లా క్రామ్రిష్ పాత్ర ముఖ్యమైనది. గగనేంద్రనాథ్ ఠాకూర్ ఘనవాద ధోరణిలో వేసిన చిత్రాలు కూడా ఆ వాతావరణానికి చెందినవే. నైరూప్యం విదేశం నుంచి చట్రంలో బిగించుకుని వచ్చినప్పుడు అది ఆధునిక కళగా చర్చకు వచ్చింది. ఇక్కడి గడపల ముందున్న నైరూప్యం ఆ చర్చలో భాగం కాలేదు.

1937లో ఆంగ్ల మానవశాస్త్రవేత్త జాన్ లేయార్డ్ దక్షిణ భారతదేశపు గడప చిత్రాలను, పచ్చబొట్లను కలిపి పరిశీలిస్తూ ‘ఫోక్-లోర్’ పత్రికలో వ్యాసం ప్రకటించారు. మెలికలు తిరిగే గీతను ఆయన పద్మవ్యూహం వంటి తంతు నిర్మాణంగా గ్రహించి, పసిఫిక్ మహాసముద్రంలోని మలెకుల దీవిలో ఇసుకపై గీసే చిత్రాలతో పోల్చారు. ఆ పరిశీలన విలువైనదే. అయితే అందులో ముగ్గు ఒక నమ్మకానికి సాక్ష్యం. దానిని వేసిన స్త్రీ ఆ నమ్మకానికి వాహకం. గీతను ఇటు కాక అటు తిప్పడంలో ఆమె ఎంపిక ఏమిటన్న ప్రశ్న అక్కడ తలెత్తదు.

తెలుగు నాట పరిస్థితి ఇంతకన్న భిన్నం కాదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) చుట్టూ రూపొందిన చిత్రకళా సంప్రదాయం మానవరూపాన్ని, పల్లె జీవితాన్ని ప్రధానంగా గ్రహించింది. అనంతపురం సీమలో ఆ కాలపు మేధాశక్తి చరిత్ర, శాసనాలు, భాష అనే రంగాలపై కేంద్రీకృతమైంది. దత్తమండలాలకు ‘రాయలసీమ’ అన్న పేరు 1928లో నంద్యాల సభల్లో స్థిరపడింది. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కళాశాలలో ఆచార్యులు. ప్రాంతం తన పేరును, తన చరిత్రను వెతుక్కుంటున్న ఆ దశలో రాతి మీది అక్షరం ఆధారంగా నిలిచింది. నేల మీది గీత ఆధారంగా నిలవలేదు. అనంతర కాలంలో బిరుదురాజు రామరాజు వంటివారి కృషితో జానపద గేయం పరిశోధన విషయమైనప్పుడు గొబ్బిపాట గ్రంథస్థమైంది. ఆ పాట ఏ ముగ్గు చుట్టూ తిరిగిందో ఆ ముగ్గు మాత్రం పాటకు నేపథ్యంగానే ఉండిపోయింది.

2. ‘అలంకరణ’ అన్న గిరి

టాయిబర్-ఆర్ప్ జీవితం ఈ చర్చకు రెండు విధాల ఉపకరిస్తుంది. ఆమె దావోస్‌లో జన్మించి, వస్త్రకళలోను అలంకరణ కళలోను శిక్షణ పొందారు. 1916 నుంచి 1929 వరకు జ్యూరిక్‌లోని అనువర్తిత కళల పాఠశాలలో వస్త్రకళ బోధించారు. 1915–16 ప్రాంతంలోనే నిలువు, అడ్డ విభజనలతో ఆమె రూపొందించిన రచనలు రేఖాగణిత నైరూప్యంలో తొలితరం రచనలుగా గుర్తింపు పొందాయి. ఆ నిలువు–అడ్డ అమరిక సిద్ధాంత గ్రంథాల నుంచి పుట్టింది కాదు; పడుగు, పేకల నుంచి పుట్టింది. మగ్గంపై పనిచేసే చేతికి చతురస్రం ఊహ కాదు, పదార్థ నియమం. ధర్మవరం నేత తెలిసినవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆమె 1918లో ఒక నాటకానికి కొయ్యబొమ్మలు చేశారు. 1926–28 మధ్య స్ట్రాస్‌బర్గ్‌లోని ఓబెట్ భవనం లోపలి గదులను తన భర్త హాన్స్ ఆర్ప్, థియో వాన్ డూస్‌బర్గ్‌లతో కలిసి రూపొందించారు. 1930లలో పారిస్‌లోని నైరూప్య కళాకారుల బృందాలలో పాల్గొన్నారు. 1937–39 మధ్య ‘ప్లాస్టిక్’ పత్రికను సంపాదకురాలిగా నడిపారు. ఇంత చేసినా చాలాకాలం ఆమె పేరు భర్త పేరు వెనుకనే వినిపించింది. దిండు గలీబు, పూసల సంచి, బొమ్మ, గోడ, కాన్వాసు అన్న భేదం లేకుండా ఒకే రేఖాగణితాన్ని అన్నింటిలోను ప్రయోగించడమే అందుకు ఒక కారణం. ‘లలిత కళ’, ‘అలంకరణ’ అన్న విభజన ఉన్నచోట ఆ పని సగం కళగాను సగం చేతిపనిగాను చీలిపోతుంది. ఆధునికతకు ఆలవాలమైన బౌహౌస్‌లో సైతం విద్యార్థినులను ఎక్కువగా నేత విభాగానికి పంపడం ఇదే దృష్టికి నిదర్శనం. 1995లో స్విట్జర్లాండు 50 ఫ్రాంకుల నోటుపై టాయిబర్-ఆర్ప్ చిత్రం ముద్రించింది. గుర్తింపు వచ్చింది కాని, ఆ రావడం ఆమె మరణించిన అర్ధశతాబ్దికి.

ఆమెకు గుర్తింపు తెచ్చిన ఆధారాలు ఏవి? మిగిలిన వస్తువులు, వాటిపై తేదీలు, ఉత్తరాలు, ఫొటోలు. ముగ్గుకు ఈ మార్గం లేదు. సాయంత్రానికి కాళ్ళ కింద చెరిగిపోవడం దాని స్వభావం. కనుక టాయిబర్-ఆర్ప్ విషయంలో ఫలించిన పద్ధతిని, అంటే మరుగునపడిన పేరును వెలికితీసి జాబితాలో చేర్చడాన్ని, ముగ్గుకు వర్తింపజేయడం సాధ్యం కాదు. మరో పద్ధతి కావాలి.

ఆధారం మన్నిక వల్ల విలువ ఎలా మారుతుందో అనంతపురం సీమలోనే చూడవచ్చు. విజయనగర కాలపు లేపాక్షి వీరభద్రాలయంలో లతామండపం స్తంభాలపై చెక్కిన జ్యామితీయ, లతా నమూనాలు ‘లేపాక్షి అంచు’గా చీరలమీదికి వచ్చాయి, యాత్రికులకు ప్రత్యేకంగా చూపబడుతున్నాయి. పునరావృత్తి, సౌష్ఠవం, ఎడతెగని గీత అన్న లక్షణాలు ఆ స్తంభాలకూ ముగ్గుకూ సమానం. రాయి మీద ఉన్నది వారసత్వ సంపద అయింది. నేల మీద ఉన్నది ఇంటి పని అయింది. చెక్కిన శిల్పి పేరు లేకపోయినా లతామండపం కళే. మరి పేరు లేకపోవడం ఒక్కటే ముగ్గుకు అడ్డంకి కాదని దీనివల్ల తేలుతున్నది. అడ్డంకి మన్నిక, స్థలం, స్త్రీ శ్రమ అన్న మూడింటి కలయిక.

3. మెట్టనేల, తడి వాకిలి

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి ఋతుపవనం అక్కడికి బలహీనపడి చేరుతుంది. తీరానికి దూరం కనుక ఈశాన్య ఋతుపవనం కూడా పూర్తిగా ఆదుకోదు. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ భౌగోళిక వాస్తవం ముగ్గు నిర్మాణంలో భాగం. పొడి నేలపై ముగ్గు నిలవదు; దుమ్ములో కలుస్తుంది, గాలికి చెదరుతుంది. పేడనీళ్ళు చల్లిన తడి నేల పొడిని పట్టి ఉంచుతుంది. బిందె నీటిని లెక్కచూసి వాడే ఇంట ఎంత మేర కళ్ళాపి చల్లగలిగితే అంత మేరే చిత్రఫలకం. తడి ఆరేలోగా గీత పూర్తికావాలి. తడి సున్నపు గోడపై చిత్రించే కుడ్యచిత్రకారునికి ఉన్న కాల నియమం వంటిదే ఇది. ఎర్రనేలపై తెల్లని పొడి అన్న రెండు వర్ణాల పొదుపు కూడా ఈ నేల ఇచ్చిందే.

ముగ్గు అన్న పదం గమనింపదగినది. పొడి పేరూ ముగ్గే, దానితో వేసిన చిత్రం పేరూ ముగ్గే. పదార్థానికీ కృతికీ భేదం చూపని పదమిది. ఇల్లు కట్టడానికి ముందు పునాదుల కొలతలను సున్నపు పొడితో నేలపై గుర్తించడాన్ని కూడా ‘ముగ్గు పోయడం’ అనే అంటారు. అంటే తెలుగు వ్యవహారంలో ముగ్గుకు శోభ అన్న అర్థంతో పాటు కొలత, ప్రణాళిక అన్న అర్థాలూ ఉన్నాయి. ‘రంగవల్లి’ అన్న సంస్కృత పదం శోభను ముందుకు తెస్తుంది. ‘ముగ్గు’ నిర్మాణాన్ని ముందుకు తెస్తుంది. విమర్శ ఇంతవరకు మొదటి అర్థాన్నే ఎక్కువగా అనుసరించింది.

మరొక విశేషం. మరణం సంభవించిన ఇంటి ముందు ముగ్గు ఉండదు. ఖాళీ వాకిలి వీధికి ఒక వార్త చెబుతుంది. లేకపోవడం కూడా అర్థవంతమైన చోట, ఉండటం కేవలం అలవాటు కాజాలదు.

4. చుక్క, గీత: నిర్ణయాల స్థానం

ముగ్గు వేసేవారి వ్యవహారంలో చుక్కల అమరికకు కచ్చితమైన పరిభాష ఉంది. వరుసలోని చుక్క కింద చుక్క సూటిగా వస్తే సరి చుక్క. రెండు చుక్కల సందున వస్తే సందు చుక్క. ‘13 చుక్కలు, 7 వచ్చే వరకు సందు చుక్క’ అన్న చిన్న వాక్యం చాలు. నడిమి వరుసలో 13, దానికి ఇరువైపులా 12, 11, 10, 9, 8, 7 చొప్పున మొత్తం 127 చుక్కల షడ్భుజి సిద్ధమవుతుంది. ఒక్క వాక్యంతో ఒక క్షేత్రాన్ని పూర్తిగా నిర్దేశించే ఈ పద్ధతి సంగీతంలో స్వరలేఖనం వంటిది. ఇది పత్రికల ముగ్గుల శీర్షికల ద్వారా అచ్చులోనూ స్థిరపడింది.

చుక్కల సంఖ్య ఒకటే అయినా అమరిక మారితే కృతి మారుతుంది. 5 వరుసల్లో 5 సరి చుక్కలు పెడితే 25 చుక్కల చతురస్రం. 5 చుక్కలతో మొదలై 1 వచ్చే వరకు ఇరువైపులా సందు చుక్క పెట్టినా 25 చుక్కలే, కాని అది కోణాలపై నిలిచిన ఆకృతి. మొదటిదానిలో గీత వాకిలి అంచులకు సమాంతరంగా స్థిరంగా ఉంటుంది. రెండవదానిలో గడప వైపూ వీధి వైపూ మొనదేలుతుంది. ఇది ముగ్గులో మొదటి నిర్ణయం.

రెండవ నిర్ణయం గీత స్వభావం. చుక్కలను కలుపుతూ గీత పోయే ముగ్గులు ఒక రకం. వీటిలో పద్మం, కుండ, చిలుక, రథం వంటి రూపాలు తరచు వస్తాయి. చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరిగి, తనను తాను ఖండించుకుంటూ సాగే మెలికల ముగ్గులు మరో రకం. వీటిలో దేని రూపమూ ఉండదు. గీత, చుక్క, వాటి మధ్య దూరం మాత్రమే ఉంటాయి. రేఖాగణిత నైరూప్యంతో పోల్చదగినవి ప్రధానంగా ఈ రెండవ రకం ముగ్గులే. మొత్తం ముగ్గును నైరూప్యమనడం మొదటి రకానికి అన్యాయం చేస్తుంది.

మూడవ నిర్ణయం అన్నింటికన్న సూక్ష్మమైనది. సరి చుక్కల దీర్ఘచతురస్రంలో ప్రతి రెండు పొరుగు చుక్కల నడుమా గీతలు ఖండించుకునేలా, అంచు వద్ద మళ్ళేలా మెలిక తిప్పితే ఎన్ని మూసిన గీతలు ఏర్పడతాయన్నది చుక్కలు, వరుసల సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకంపై ఆధారపడుతుంది. 5 వరుసల్లో 6 చుక్కలుంటే మొత్తం ముగ్గు ఒకే గీత. 5 వరుసల్లో 5 చుక్కలుంటే ఐదు వేర్వేరు గీతలు. చేయి ఎత్తకుండా మొదలుపెట్టిన చోటికే చేరాలన్న ఆదర్శం గల స్త్రీకి 5×5 క్షేత్రం ఒక సమస్య. కొన్ని ఖండన స్థానాల్లో గీతలను దాటనీయకుండా వెనక్కు మళ్ళిస్తే రెండు గీతలు ఒకటవుతాయి. ఐదింటిని ఒకటి చేయడానికి కనీసం నాలుగు చోట్ల అలా మళ్ళించాలి.

ఇక్కడే రచయిత్రి నిర్ణయం బయటపడుతుంది. ఆ నాలుగు మళ్ళింపులనూ కుడి ఎడమలకు సమంగా అమర్చవచ్చు. అయితే నాలుగే మళ్ళింపులతో ఒకే గీతను సాధిస్తే, ముగ్గును సగం చుట్టు తిప్పి చూసినా అలాగే ఉండాలన్న భ్రమణ సౌష్ఠవం నిలవదు. ఆ క్షేత్రంలో ప్రతి మూసిన గీతా సగం చుట్టు తిప్పినా తన స్థానంలోనే ఉంటుంది. కనుక సౌష్ఠవం కోసం ఎదురెదురుగా పెట్టే మళ్ళింపుల జంట అదే రెండు గీతలను రెండుసార్లు తాకుతుంది. నాలుగు మళ్ళింపులు రెండు జతలే అవుతాయి. ఐదు గీతలు కలవడానికి అవి చాలవు. అందువల్ల భ్రమణ సౌష్ఠవం కావాలంటే గీతలు ఒకటి కన్న ఎక్కువ ఉండనివ్వాలి, లేదా మళ్ళింపులు పెంచి వేరే మార్గం వెతకాలి. ఒకే గీత ముఖ్యమా, సంపూర్ణ సౌష్ఠవం ముఖ్యమా అన్నది తేల్చుకోవలసింది వేసే మనిషే. ఏ ఆచారమూ ఆ సమాధానం ముందుగా చెప్పదు. గణిత పదజాలం తెలియకపోయినా చేతికి తెలిసిన సమస్య ఇది.

1974లో మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరొమొనీ బృందం కోలముల ఆధారంగా చిత్ర వ్యాకరణాలను రూపొందించి కంప్యూటర్ శాస్త్రంలో చర్చకు తెచ్చింది. అంటే ముగ్గులో నియమబద్ధమైన భాష ఉందని మానవశాస్త్రం తరువాత గణన శాస్త్రం గుర్తించింది. వ్యాకరణం ఉన్నదని తేలాక ఆ వ్యాకరణంలో ఎవరు ఏ వాక్యం ఎందుకు రచించారన్న ప్రశ్న సాహిత్య విమర్శకు సహజమైనది. ఛందస్సు గణాలను నిర్దేశించినా పద్యం కవిదే. యతిప్రాసల నియమం కవిత్వాన్ని అనామకం చేయలేదు. చుక్కల నియమం ముగ్గును అనామకం చేసిందనడం ద్వంద్వ ప్రమాణం.

5. పోలికకు హద్దులు

ఈ పోలికను మితిమీరి సాగించడం తగదు. టాయిబర్-ఆర్ప్ తనకు ముందున్న చిత్రకళతో విభేదిస్తూ రూపాన్ని వదులుకున్నారు. ఆమె నైరూప్యంలో త్యాగం, వాదం రెండూ ఉన్నాయి. మెలికల ముగ్గు వేసే స్త్రీ దేనినీ వదులుకోలేదు. ఆమెకు నైరూప్యం తిరుగుబాటు కాదు, మాతృభాష. ఒకరు చేరిన గమ్యం మరొకరికి ప్రారంభం. అందుచేత ముగ్గును యూరప్ ఆధునికతకు ‘ముందే వచ్చిన’ రూపంగా కీర్తించడం చరిత్రను తారుమారు చేయడమే. ఆ కీర్తనలో కొలబద్ద యూరప్‌దే అవుతుంది.

ముగ్గును సౌందర్యానికి మాత్రమే పరిమితం చేయడం మరో ప్రమాదం. తెల్లవారకముందే లేచి, దూరం నుంచి నీళ్ళు మోసి, ఊడ్చి, అలికి ముగ్గు పెట్టడం స్త్రీపై విధించిన శ్రమ. ఇంటి మర్యాదను వాకిలి ద్వారా కొలిచే సమాజంలో ముగ్గు వేయకపోవడానికి స్వేచ్ఛ తక్కువ. విధిగా చేసే పనిలో ఎంపిక ఉండదన్న వాదానికి బలముంది. ముగ్గు వేయాలా వద్దా అన్నచోట ఎంపిక తక్కువే. ఏ ముగ్గు, ఎన్ని చుక్కలు, గీత ఎక్కడ మళ్ళాలి అన్నచోట ఎంపిక పూర్తిగా ఆమెది. శ్రమను కప్పిపుచ్చే పొగడ్తా, ఎంపికను విస్మరించే సానుభూతీ రెండూ అసంపూర్ణాలే.

సిమెంటు వాకిళ్ళు, రంగు పెయింట్లు, అతికించే ముద్రిత ముగ్గులు వచ్చాక ఈ వ్యత్యాసం మరింత స్పష్టమైంది. అతికించిన ముగ్గులో శోభ ఉంది, నిర్ణయం లేదు. అది చెరగదు కనుక రేపటి ముగ్గుకు చోటివ్వదు. ముగ్గులో కళ ఎక్కడుందో తెలుసుకోవడానికి దాని అనుకరణే మంచి ఆధారం.

ముగింపు

రెండు యుద్ధాల మధ్య కాలానికి చెందిన అనంతపురం ముగ్గులను తిరిగి తెచ్చుకోవడం సాధ్యం కాదు. వాటిని వేసిన చేతుల నుంచి మనవరాళ్ళు, మునిమనవరాళ్ళ చేతులకు అందిన పద్ధతి మాత్రం సజీవంగా ఉంది. టాయిబర్-ఆర్ప్‌కు వస్తువులు సాక్ష్యమిచ్చాయి. ముగ్గుకు పద్ధతి సాక్ష్యమివ్వాలి. అందుకు తెలుగు శాఖల క్షేత్ర పరిశోధనలో ముగ్గును ఫొటోగా మాత్రమే కాక రచనగా నమోదు చేయడం అవసరం. చుక్కలు ఎన్ని, సరి చుక్కా సందు చుక్కా, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, మూసిన గీతలు ఎన్ని, ఏ ఖండన వద్ద మళ్ళింపు జరిగింది, ఎవరివద్ద నేర్చినది, ఎవరు ఏమి మార్చారు అన్న అంశాలు వేసినవారి మాటల్లోనే నమోదు కావాలి. వారి అంగీకారం ఉన్నచోట వారి పేరూ ఉండాలి.

సరి చుక్క, సందు చుక్క, మెలిక అన్నవి వంటింటి మాటలుగా ఇంతకాలం విమర్శ వెలుపల నిలిచాయి. అవి పరిభాషగా లోపలికి వస్తే గుర్తింపు పొందేది ముగ్గు ఒక్కటే కాదు. గణ, యతి, ప్రాసల సూక్ష్మాలను శతాబ్దాలుగా చర్చించిన తెలుగు విమర్శకు నియమంలోంచి స్వేచ్ఛ ఎలా పుడుతుందో చెప్పే మరో శాస్త్రం, స్త్రీలు నిర్మించిన శాస్త్రం, ఆధారంగా లభిస్తుంది.